పండగకి వెళ్ళొచ్చాక మెషిన్ మీద రెండు కేజీలు ఎక్కువ చూపిస్తోందా, ఈ వారం ఇలా చేయండి

సంక్రాంతికి ఊరెళ్ళి భోగి, పండగ, కనుమ మూడు రోజులూ తృప్తిగా తినేసి వచ్చాక మర్నాడు పొద్దున్నే వెయింగ్ మెషిన్ ఎక్కితే రెండు కేజీలో రెండున్నరో, కొంతమందికి మూడు కూడా, ఎక్కువ చూపిస్తుంది. నెలల తరబడి అన్నం తగ్గించి, టీలో పంచదార మానేసి, సాయంత్రం వాకింగ్ చేసి తగ్గించుకున్నదంతా మూడు రోజుల్లో తిరిగొచ్చేసిందే అని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నా. అసలు మాట ముందే చెప్పేస్తాను, ఆ పెరిగినదాంట్లో కొవ్వు చాలా తక్కువ, ఎక్కువ భాగం నీళ్ళు, ఇంకా పేగుల్లో ఉన్న తిండి. మధ్యలో కంగారుపడి ఏదో ఒకటి చేసేయకుండా ఉంటే వారం పది రోజుల్లో అది దానంతటదే దిగిపోతుంది.

నమ్మకం కుదరకపోతే లెక్క వేసి చూడండి. ఒంట్లో ఒక కేజీ కొవ్వు చేరాలంటే మనకి ఖర్చయ్యేదానికంటే సుమారు 7700 క్యాలరీలు ఎక్కువ తినాలి. రెండున్నర కేజీలు అంటే 19 వేల పైమాట. మామూలుగా రోజుకి 1800 తినే మనిషి దాన్ని మూడు రోజుల్లో చేయాలంటే ఒక్కో రోజు 8 వేలు తినాలి, బొబ్బట్ల మీద ఎంత నెయ్యి పోసుకున్నా, కనుమ నాడు మినుము తినాలని గారెలూ నాటుకోడి పులుసూ ఎంత లాగించినా మామూలు మనుషుల వల్ల అయ్యే పని కాదది. సరే, రోజుకి ఒక వెయ్యి ఎక్కువ తిన్నారనుకుందాం, మూడు రోజులకి 3 వేలు, అంటే 400 గ్రాములు. నిజంగా పెరిగింది అంతే అన్నమాట.

మరి మిగతా రెండు కేజీలూ ఏంటి? అన్నం, బెల్లం, పిండివంటలు తిన్నప్పుడు అందులోంచి వచ్చే గ్లూకోజ్‌లో కొంత ఒంట్లో గ్లైకోజెన్‌గా దాచుకుంటాం, లివర్‌లో 100 గ్రాముల దాకా, కండరాల్లో 400 గ్రాములు అటూఇటూగా. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు మూడు గ్రాముల దాకా నీళ్ళు పట్టుకుంటుంది. మినప్పప్పు రాత్రి నానబోస్తే పొద్దున్నకి బరువెక్కుతుంది చూడండి, అలాగే. డైట్‌లో ఉన్నప్పుడు ఈ నిల్వలు కొంత ఖాళీ అయి ఉంటాయి, పండగకి మళ్ళీ నిండుతాయి. ఒక 300 గ్రాములు నిండినా నీళ్ళతో కలిపి 1200 గ్రాములు, అంటే కేజీ పైన ఇక్కడే తేలిపోయింది.

తర్వాత ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాములు, అంటే సుమారు ఒక టీస్పూను దాటొద్దంటుంది. మనకి మామూలు రోజుల్లోనే అది దాటిపోతుంది, పండగ రోజుల్లో అయితే ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు, వడియాలు, పులిహోర, మధ్యమధ్యలో నోట్లో వేసుకునే జంతికలు, దారిలో తిన్న బిర్యానీ, ఇక లెక్కేముంది. ఉప్పు ఎక్కువైతే దాన్ని పలచన చేయడానికి ఒళ్ళు నీళ్ళు ఆపుకుంటుంది, పొద్దున్నే మొహం ఉబ్బినట్టు ఉండటం, ఉంగరం బిగుసుకోవడం, కాళ్ళ మీద సాక్స్ అచ్చు పడటం ఇవన్నీ దాని గుర్తులే. దీనికి తోడు ప్రయాణం, తిరుగు ప్రయాణంలో విజయవాడ-హైదరాబాద్ హైవే మీద పంతంగి టోల్ దగ్గర కార్లో గంటలు గంటలు కూర్చుంటే పాదాలు వాచిపోతాయి, నిద్ర సరిగ్గా ఉండదు, కొత్త చోటని చాలామందికి మోషన్ కూడా సాఫీగా అవ్వదు. ఆడవాళ్ళకి అదే సమయంలో పీరియడ్ దగ్గరపడితే ఆ నీరు ఒక కేజీ దాకా వేరే.

ఇక్కడ ఇంకో విషయం. అన్నం, పంచదార పూర్తిగా మానేసే వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ లాంటివి చేసేవాళ్ళకి ఈ పెరుగుదల మిగతావాళ్ళకంటే ఇంకా ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే వాళ్ళకి గ్లైకోజెన్ బాగా తగ్గిపోయి ఉంటుంది, మొదటి వారంలో టకటకా తగ్గిన బరువులో కూడా చాలా భాగం ఈ నీరే, అందుకే రెండు పూటలు అన్నం తినగానే అది వెనక్కి వచ్చేస్తుంది. ప్రకృతి వైద్యం చెప్పే మంతెన సత్యనారాయణ రాజు గారి పద్ధతిలో ఉప్పు మానేసినవాళ్ళకి కూడా అంతే, ఒక్కసారిగా పచ్చళ్ళూ అప్పడాలూ తింటే ఒళ్ళు నీరు పట్టేస్తుంది. డైట్ పాడైపోయిందని దీనర్థం కాదు, మీరు మానేసినవి తిరిగి లోపలికెళ్ళాయి కాబట్టి ఒళ్ళు చేయాల్సిన పని అది చేసిందంతే.

సరే, ఇప్పుడు ఏం చేయాలి. వచ్చిన మొదటి రోజు చేయకూడని పని ఒకటుంది, అదేంటంటే రెండు రోజులు ఏమీ తినకుండా కూర్చోవడం. లంఖణం పరమౌషధం అంటారు పెద్దవాళ్ళు, అజీర్తి చేసి ఆకలి లేనప్పుడు ఒక పూట మానేస్తే తప్పులేదు, కానీ నంబర్ చూసి భయపడి పస్తులుండటం వేరు. నిజమే, తినకపోతే మెషిన్ మీద నంబర్ దిగుతుంది, ఎందుకంటే నీళ్ళు పోతాయి, కానీ రెండో రోజు రాత్రి పది గంటలకి ఆకలి ఆగక వంటింట్లోకి వెళ్ళి అరిసెల డబ్బా తీస్తారు, అప్పుడు ఎన్ని తిన్నారో కూడా తెలీదు, మర్నాడు మళ్ళీ నంబర్ మళ్ళీ పస్తు, ఈ తిరుగుడు పండగ తిండి కంటే ఎక్కువ చెడగొడుతుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, షుగర్ బాగా దించే మాత్రలు వాడేవాళ్ళు అయితే అసలు ఆ పని చేయొద్దు, షుగర్ పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. అలాగే నీరు దిగే మాత్రలు, మోషన్ మాత్రలు డాక్టర్ చెప్పకుండా వేసుకోవద్దు, వాటివల్ల కొవ్వు ఒక్క గ్రాము కూడా తగ్గదు.

చేయాల్సింది చాలా సింపుల్, పండగకి ముందు వారం ఏం తినేవాళ్ళో ఈరోజు నుంచే అది తినడం మొదలెట్టండి. దానికంటే తక్కువ కాదు, అదే. టిఫిన్‌కి పెసరట్టో, సాంబారుతో రెండు ఇడ్లీలో, మజ్జిగ కలిపిన రాగి జావో. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, తోటకూర పప్పో పాలకూర పప్పో కాస్త ఎక్కువగా, బీరకాయ, సొరకాయ, దొండకాయ ఏదో ఒక కూర, పెరుగు. రాత్రికి జొన్నరొట్టె గానీ రెండు పుల్కాలు గానీ కూరతో, తినేవాళ్ళయితే రెండు గుడ్లు. అన్నం పూర్తిగా మానేయక్కర్లేదు, 100 గ్రాముల వండిన అన్నంలో 130 క్యాలరీలే ఉంటాయి, దాని మీద పడే నెయ్యీ నూనే చూసుకోండి, టేబుల్ స్పూను నూనె అంటేనే 120. ప్రతి పూటా పప్పో గుడ్డో పెరుగో చికెనో ఏదో ఒకటి ఉండేలా చూసుకుంటే ఆకలి అదుపులో ఉంటుంది, నా మటుకు ఈ వారంలో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే అనిపిస్తుంది.

ఒక వారం పాటు మాత్రం పచ్చడి జాడీ, అప్పడాలు, వడియాలు, బయట తిండి పక్కన పెట్టండి. మజ్జిగలో ఉప్పు బదులు అల్లం, కరివేపాకు, నిమ్మకాయ వేసుకుంటే బాగుంటుంది. ఆకుకూరలు, అరటిపండు, కొబ్బరినీళ్ళలో పొటాషియం ఉంటుంది, అది ఎక్కువైన ఉప్పుని మూత్రంలో బయటికి పంపడానికి సాయం చేస్తుంది, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు మాత్రం ఇవి డాక్టర్‌ని అడిగాకే. నీరు పట్టింది కదా అని మంచినీళ్ళు తగ్గించొద్దు, అలాగని పంతం పట్టి లీటర్లకి లీటర్లు కూడా తాగక్కర్లేదు, మూత్రం లేత పసుపు రంగులో వచ్చేలా తాగితే చాలు. మోషన్ కూడా ఈ నీళ్ళతో, ఆకుకూరలతో రెండు మూడు రోజుల్లో మామూలైపోతుంది.

వ్యాయామం సంగతి. పండగ తిండి కరిగించాలని మొదటి రోజే జిమ్‌లో రెండు గంటలు కొట్టేస్తే ఏమవుతుందంటే, కండరాలు నొప్పులొచ్చి అవి కోలుకునే వరకు అక్కడ కూడా నీరు చేరుతుంది, మర్నాడు నంబర్ ఇంకా పెరుగుతుంది, దాంతో ఉన్న ధైర్యం కూడా పోతుంది. ఎప్పుడూ చేసే వాకింగే చేయండి, దానికి తోడు మధ్యాహ్నం, రాత్రి భోజనం అయ్యాక ఒక పది పదిహేను నిమిషాలు నడవండి, షుగర్ ఒక్కసారిగా పెరగకుండా ఉంటుంది, కడుపు బరువు కూడా తగ్గుతుంది. రాత్రి త్వరగా పడుకోండి, నిద్ర తక్కువైతే మర్నాడు ఆకలి ఎక్కువవుతుంది, అది కూడా తీపి మీదకే పోతుంది మనసు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా, చాలామంది పట్టించుకోనిది. పండగ మూడు రోజులూ మనల్ని లావు చేయవు, అమ్మ కట్టిచ్చిన స్టీలు డబ్బాలు లావు చేస్తాయి. అరిసెలు, సున్నుండలు, జంతికలు, చక్రాలు, ఇవన్నీ వారాల తరబడి నిల్వ ఉండేవి, టీతో ఒక అరిసె, ఆఫీసు నుంచి రాగానే గుప్పెడు జంతికలు, రాత్రి పడుకునే ముందు ఒక సున్నుండ, ఇలా రోజుకి ఒక 300 క్యాలరీలు అదనంగా పోయాయనుకోండి, మూడు వారాలకి 6300, అంటే 800 గ్రాముల కొవ్వు. పండగలో పెరిగింది 400, డబ్బాల్లో పెరిగింది దానికి రెట్టింపు. పండగ గురించి ఏడుస్తూ డబ్బా గురించి అసలు ఆలోచించం.

అలాగని పారేయమని చెప్పను, అమ్మ పొయ్యి దగ్గర నిలబడి పాకం పట్టి, ఒక్కోటీ నూనెలోంచి తీసి వత్తి కట్టిచ్చినవి పారేయడానికి చేతులెలా వస్తాయి. వచ్చిన రోజే పంచేయండి, ఆఫీసుకి ఒక డబ్బా, పక్కింటికి, వాచ్‌మన్ గారి పిల్లలకి, ఊరెళ్ళలేకపోయిన ఫ్రెండ్స్‌కి, వాళ్ళు ఎంత సంతోషపడతారో. మీకోసం ఒక చిన్న డబ్బా ఉంచుకుని కంటికి కనపడని పై అరలో పెట్టండి, తినాలనిపిస్తే మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒకటి ప్లేటులో పెట్టుకుని కూర్చుని తినండి. నిలబడి డబ్బాలోంచి తింటే లెక్క ఉండదు. ఆ ఒక్కటి తిన్నందుకు బాధపడొద్దు, అది కూడా ఆ రోజు తిండిలో భాగమే.

మెషిన్ విషయానికొస్తే వచ్చిన నాలుగు రోజులు ఎక్కకపోతే మంచిది. ఇప్పటికే ఎక్కేసి ఉంటే ఆ నంబర్ ఒక చోట రాసి వదిలేయండి. ఐదో రోజు నుంచి పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, కాఫీ తాగకముందు, ఒకేలాంటి బట్టల్లో, మెషిన్‌ని పట్టా మీద కాకుండా గట్టి నేల మీద పెట్టి చూడండి. రోజుకో నంబర్ వస్తుంది, అరకేజీ అటూఇటూ అవ్వడం మామూలే, కాబట్టి ఏడు రోజులవి కూడి ఏడుతో భాగించి ఆ సగటు చూసుకోండి. పీరియడ్ వారమైతే ఆ వారం లెక్కలోకి తీసుకోకండి, అయిపోయాక చూడండి. మొదటి నాలుగైదు రోజుల్లో త్వరగా దిగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది, అది కూడా సహజమే.

ఈ లోపు ఇంటికొచ్చినవాళ్ళెవరో "ఏమ్మా, పండక్కి బాగా ఒళ్ళు చేసినట్టున్నావ్" అంటారు. వారం ఆగితే పోయే నీరు గురించి వాళ్ళకి తెలీదు, మీకు తెలుసు, నవ్వేసి ఊరుకోండి. అంతకంటే ప్రమాదం మన లోపలి మాట, ఎలాగూ చెడింది కదా ఇంక ఉగాది నుంచి మొదలెడదాంలే అనేది. ఆ మాట వినిపించిన పూటే తర్వాతి భోజనం మామూలుగా తినేయండి. సోమవారం, ఒకటో తారీఖు వరకు ఆగక్కర్లేదు.

అయితే అందరికీ ఇది వర్తించదు. గుండె, కిడ్నీ, లివర్ జబ్బు ఉన్నవాళ్ళకి ఒకట్రెండు రోజుల్లో కేజీ పైన, వారంలో రెండు కేజీల పైన పెరిగితే పండగ తిండే అని సరిపెట్టుకోవద్దు, అదే రోజు డాక్టర్‌కి చెప్పండి. ఎవరికైనా సరే కాళ్ళ వాపుతో పాటు ఆయాసం వస్తున్నా, పడుకుంటే ఊపిరాడకపోతున్నా, దూర ప్రయాణం తర్వాత ఒక్క కాలే వాచి నొప్పిగా ఉన్నా, గర్భిణులకి ఒక్కసారిగా మొహం చేతులు వాచి తలనొప్పి, చూపు మసకబారడం ఉన్నా వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళాలి. ఇంకొకటి, తిన్నాక వేలు పెట్టుకుని కక్కేయాలనిపిస్తున్నా, తరచూ అదుపు తప్పి దాచుకుని తింటున్నా అది సిగ్గుపడే విషయం కాదు, దానికి ట్రీట్‌మెంట్ ఉంది, సైకియాట్రిస్ట్‌తో గానీ మీకు నమ్మకమున్న డాక్టర్‌తో గానీ మాట్లాడండి.

రెండు వారాలయ్యాక సగటు చూసుకుంటే చాలామందికి పాత నంబర్‌కి అటూఇటూగా వచ్చేసి ఉంటుంది. ఒక అరకేజీ మిగిలిందనుకోండి, అది నిజంగా పెరిగిన కొవ్వు, 3850 క్యాలరీలు. రోజుకి 300 తగ్గించుకుంటే, అంటే కూరల్లో ఒక టేబుల్ స్పూను నూనె, రాత్రి ఒక కప్పు అన్నం తగ్గించి కాసేపు ఎక్కువ నడిస్తే, రెండు వారాల్లోపే పోతుంది. ఉగాదికి అప్పటికి ఇంకా నెల పైనే టైం ఉంటుంది.