ఆఫ్-రోడ్ బండి ఇంకాస్త దూరం వెళ్లాలంటే

పెద్ద ట్యాంక్ కొనే ముందు మీ బండి నిజంగా ఎంత తాగుతోందో చూడండి. ట్యాంక్ ఫుల్ చేయించి, కొంత దూరం తిరిగి, మళ్లీ ఫుల్ చేయించి, తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే అసలు మైలేజీ తెలిసిపోతుంది. తారు రోడ్డు లెక్కను ఇసుకకూ బురదకూ నమ్ముకోవద్దు, అక్కడ ఖర్చు చాలా ఎక్కువ.

వాడని రూఫ్ ర్యాక్ తీసేయండి, ఊరికే గాలికి అడ్డం. ఇసుకలో టైర్లలో గాలి తగ్గిస్తే బండి కూరుకుపోకుండా తేలిగ్గా సాగుతుంది, కానీ గట్టి రోడ్డెక్కగానే మళ్లీ కొట్టాల్సిందే, లేదంటే టైర్లు వేడెక్కి పాడవుతాయి, ఇంధనమూ వృథా.

ఇక జెర్రీ క్యాన్, అంటే అదనపు ఇంధనం వెంట తీసుకెళ్లే డబ్బా. 20 లీటర్ల డీజిలే దాదాపు 17 కిలోలు, క్యాన్ బరువు అదనం. అంత బరువు పైకప్పు మీద ఉంటే వాలులో బండి ఒరిగిపోతుందని భయం, అందుకే బయట వెనకవైపు, వీలైనంత కిందికి, కదలకుండా బిగించండి. మనుషులు కూర్చునే చోట మాత్రం వద్దే వద్దు, ఆవిరి ప్రమాదం. నింపేటప్పుడు క్యాన్‌ని దించి నేల మీదే పెట్టండి, స్టాటిక్ కరెంటుతో నిప్పురవ్వ పుట్టొచ్చు. ఎండకు ఇంధనం వ్యాకోచిస్తుంది కాబట్టి పైన కాస్త ఖాళీ వదలండి. ట్యాంక్‌లో చోటు రాగానే ముందు క్యాన్‌దే పోసేయండి.