పిల్లల బరువు మీద కాలేజీ, బడి కలిసి పనిచేయాలంటే

బడి పిల్లల్లో అధిక బరువు తగ్గించే ప్రాజెక్టు మీ కాలేజీ మొదలుపెడుతుంటే ముందే చెప్తున్నా, మొదటి రోజే బరువు తూచే మిషన్ చంకన పెట్టుకుని బడికి వెళ్లకండి. న్యూట్రిషన్ డిపార్ట్‌మెంట్ల వాళ్లం ఎక్కువగా చేసే తప్పు ఇదే, నేనూ చేశాను. ఒక ప్రైవేటు స్కూల్లో మా స్టూడెంట్లు ఏడో తరగతి గదిలోనే మిషన్ పెట్టి, పేరు పిలిచి, అంకె పైకి చదివారు. వెనక బెంచీలో నవ్వులు. తన వంతు రాగానే బూట్ల లేసు విప్పడానికి వంగిన ఒకమ్మాయి ఎంతసేపటికీ తల పైకెత్తలేదు. రెండో విడతకి ఆ క్లాసు తల్లిదండ్రుల్లో చాలామంది సంతకమే పెట్టలేదు, పెట్టకపోవడమే న్యాయం.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? అమెరికాలో బోస్టన్ పక్కన సోమర్‌విల్ అనే ఊరుంది. 2002లో టఫ్ట్స్ యూనివర్సిటీ నుంచి క్రిస్టినా ఎకొనొమోస్ బృందం అక్కడి బడులతో కలిసి, ఒకటి నుంచి మూడో తరగతి పిల్లల కోసం పని మొదలుపెట్టింది. పిల్లల్ని డైటింగ్ చేయమనలేదు. బడి భోజనంలో పళ్లు, కూరలు ఎక్కువ పెట్టారు, నడిచి బడికి రావడానికి దారులు చూశారు, సాయంత్రం ఆటలు, చివరికి ఊళ్లో హోటళ్లని కూడా కలుపుకున్నారు. 2007లో అచ్చయిన ఫలితాల్లో, పోల్చడానికి తీసుకున్న ఊళ్ల పిల్లలతో చూస్తే వీళ్ల బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క) స్కోరు కాస్త తగ్గింది. కాస్తే. ఏడాదిలో అద్భుతం జరగాలని హెడ్‌మాస్టర్‌కి మాటివ్వకండి.

మన దగ్గరైతే జూన్, జూలైల్లోనే కదలండి, సంక్రాంతి దాటాక బడి మొత్తం పరీక్షల టెన్షన్‌లో ఉంటుంది. సర్కారు బడులైతే డీఈఓ అనుమతి, మీ కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లిదండ్రుల సంతకం, ఇవన్నీ ముందే. పిల్లల ఒప్పుకోలు కూడా అడగాలి, 12 దాటినవాళ్ల దగ్గర రాతలో. మొదటి మీటింగ్‌కి హెడ్‌మాస్టర్ ఒక్కరే వస్తే లాభం లేదు, పీఈటీ సార్, క్యాంటీన్ నడిపే ఆయన, ఇద్దరు ముగ్గురు అమ్మలు తప్పకుండా ఉండాలి.

తర్వాత ఒక వారం ఇంటర్వెల్‌లో గేటు దగ్గర నిలబడి ఏం కొంటున్నారో రాసుకోండి, అంతే. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్నవి క్యాంటీన్లో, గేటు నుంచి 50 మీటర్ల లోపల అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లోనే నిబంధన తెచ్చింది. కానీ బండి అతన్ని తరిమేస్తే మలుపు తిరిగి అక్కడే అమ్ముతాడు, ఉడికించిన పల్లీలు, మొక్కజొన్న, జామకాయలు పెట్టుకోమని కూర్చుని మాట్లాడటమే మేలు. క్లాసులో లెక్చర్ బదులు ఒక డ్రింకు సీసా పట్టుకెళ్లండి. లేబుల్ మీద 100 మి.లీ.కి 12 గ్రాముల చక్కెర అని ఉంటే 250 మి.లీ. సీసాలో 30 గ్రాములు, అంటే చెంచాకి నాలుగు గ్రాముల లెక్కన ఏడున్నర చెంచాలు. ఆ చెంచాలు పిల్లల చేతే గ్లాసులో పోయించండి, లెక్కల క్లాసూ అయిపోతుంది.

టైంటేబుల్లో పీఈటీ పీరియడ్ ఉంటుంది, దాన్ని లెక్కల సార్ తీసేసుకుంటారు. ఆ పీరియడ్ ఎవరికీ ఇవ్వబోమని హెడ్‌మాస్టర్‌తో ఒప్పందంలోనే రాయించుకోండి. గ్రౌండ్ లేని బడికి తాడాట, తొక్కుడుబిళ్ల చాలు. ఆడించడానికి మీ కాలేజీ ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) వాలంటీర్లున్నారు, ఏడాదికి 120 గంటలు వాళ్లు ఎలాగూ పూర్తి చేయాలి కదా.

బరువు, ఎత్తు కొలవడం ఇవన్నీ నడిచాకే. విడి గది, ఒక్కొక్కరే, బూట్లు విప్పి, అంకె కాగితం మీదకే. పెద్దవాళ్ల బీఎంఐ పట్టిక పిల్లలకి పనికిరాదు, వయసు, ఆడ మగ తేడాని బట్టి లెక్క మారుతుంది, దానికి డబ్ల్యూహెచ్ఓ ఆంత్రోప్లస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఒకే తరగతిలో బక్కచిక్కిన పిల్లలూ కనబడతారు, వాళ్లకీ ఏదో చేయాలి, అందుకే ప్రాజెక్టు పేరులో ‘ఊబకాయం’ అన్న మాటే వద్దు.

అమ్మమ్మలు, నానమ్మల్ని వదలకండి. బొద్దుగా ఉంటేనే ముద్దు అనే ఇంట్లో మీ చార్టు చెల్లదు. పేరెంట్స్ మీటింగ్‌కి వాళ్లనీ రమ్మని, సాయంత్రం పిల్లలకి ఏం పెడుతున్నారో ముందు వినండి.

చివరి పని, మనవాళ్లు ఎగ్గొట్టేది. పేపర్ అచ్చయ్యే దాకా ఆగకుండా, మార్చిలోపు బడికి తెలుగులో రెండు పేజీల రిపోర్టు ఇవ్వండి, పిల్లల పేర్లు లేకుండా. వచ్చే జూన్‌లో ఎవరొస్తారో ఆ పేజీ కిందే ఫోన్ నంబరుతో రాయండి, ఎందుకంటే మీ ఫైనలియర్ స్టూడెంట్లు అప్పటికి వెళ్లిపోయి ఉంటారు.