గోదావరి పాట విదేశీ రేడియోలో వినపడాలంటే

విదేశాల్లోని పెద్ద ఎఫ్.ఎం. స్టేషన్‌కి మన పాట పంపితే చాలాసార్లు జవాబే రాదు. వెంటనే పాటలో లోపం వెతుక్కోకండి. ముందు వాళ్ల లెక్కలేమిటో తెలుసుకోండి.

ఫ్రాన్స్‌లో రేడియో వేసే పాటల్లో దాదాపు 40 శాతం ఫ్రెంచి పాటలే ఉండాలన్న నియమం 1996 నుంచి అమల్లో ఉంది. కెనడాలో వాణిజ్య స్టేషన్లు వేసే ప్రజాదరణ సంగీతంలో 35 శాతం కెనడా వాళ్లది కావాలి. మిగిలిన చోటు కోసం ఇంగ్లీషు పాటలన్నీ కాచుకుని ఉంటాయి. అమెరికాలో ఇలాంటి కోటా ఏదీ లేదు గానీ అక్కడే దారి ఇంకా ఇరుకు. దేశం మొత్తం మీద ఒక కంపెనీకి ఇన్నే స్టేషన్లు ఉండాలన్న పరిమితిని 1996 టెలికాం చట్టం ఎత్తేసింది. దాంతో వందల స్టేషన్లు ఒకే యజమాని చేతికొచ్చాయి, ప్లేలిస్టులు పైనుంచి దిగుతున్నాయి. పైగా పాటలోంచి కొన్ని సెకన్ల ముక్క వినిపించి శ్రోతల అభిప్రాయం అడుగుతారు. తెలియని భాషలో పాటకి అక్కడ మార్కులు పడవు. శ్రోత స్టేషన్ మారిస్తే ప్రకటన ఆదాయం పోతుందని వాళ్ల భయం.

యూట్యూబ్‌లో వ్యూస్ ఉంటే రేడియో తనంతట అదే వస్తుందనుకోవద్దు. 2012లో కొరియా గాయకుడు సై (Psy) పాడిన ‘గంగ్నమ్ స్టైల్’ పాటకి ప్రపంచమంతా ఊగినా, అమెరికాలో పాటల ర్యాంకుల పట్టిక అయిన బిల్‌బోర్డ్ హాట్ 100లో ఏడు వారాలు రెండో స్థానంలోనే ఆగింది. అప్పటికి ఆ లెక్కలో రేడియో ఉంది, యూట్యూబ్ లేదు. 2013 ఫిబ్రవరిలో గానీ దాన్ని కలపలేదు.

అందుకని మొదట పెద్ద ఎఫ్.ఎం.ల జోలికి పోకండి. కాలేజీ రేడియోలు, కమ్యూనిటీ రేడియోలు, ప్రభుత్వ నిధులతో నడిచే స్టేషన్లలోని ప్రత్యేక కార్యక్రమాలు పట్టుకోండి. అమెరికాలోని సియాటిల్‌లో కె.ఇ.ఎక్స్.పి. రేడియో లాంటి చోట పాటలు ఎంచుకునేది డీజేలే. ఆస్ట్రేలియాలో ప్రభుత్వ ప్రసార సంస్థ ఎస్.బి.ఎస్.కి తెలుగు విభాగమే ఉంది. బ్రిటన్‌లో దక్షిణాసియా శ్రోతల కోసం బి.బి.సి. ఏషియన్ నెట్‌వర్క్ ఉంది. ఏ కార్యక్రమానికి పంపాలనుకున్నా ముందు మూడు నాలుగు భాగాలు వినండి. మీ తరహా పాట వేసే వ్యాఖ్యాత పేరు పట్టుకుని వాళ్లకే రాయండి. ఒకే ఉత్తరాన్ని వందమందికి పంపితే ఎవరూ తెరవరు.

అసలు పని రికార్డింగులో ఉంది. భీమవరం చుట్టుపక్కల రాత్రి నిశ్శబ్దంగా ఉంటుందని అప్పుడు పాడిస్తారు. కానీ చేపల, రొయ్యల చెరువుల మీద ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) తిరిగేది ఎక్కువగా రాత్రే. చెవికి ఆనని ఆ మోత మైకుకి దొరుకుతుంది, మాస్టరింగులో (పాటకి చివరిగా మెరుగులు దిద్దేటప్పుడు) శబ్దం పెంచగానే పైకి తేలుతుంది. వానాకాలమైతే కప్పలు కూడా తోడవుతాయి. మధ్యాహ్నం, బోరు మోటార్లు ఆపించి పాడించుకోండి. పాడేముందు ఒక నిమిషం ఖాళీ గదిని రికార్డు చేసి హెడ్‌ఫోన్‌లో వింటే ఏం దూరుతోందో తెలిసిపోతుంది.

డోలుని, సన్నాయిని వెడల్పుగా వినిపించాలని స్టీరియో ఎఫెక్ట్ ఎక్కువ వాడితే ఇంకో ప్రమాదం. సిగ్నల్ బలహీనపడినప్పుడు కారు రేడియో మోనోకి (రెండు వైపుల శబ్దాన్నీ ఒకటిగా కలిపి వినిపించే పద్ధతికి) మారుతుంది, రెండు వైపుల శబ్దాలూ ఒకదాన్నొకటి మింగేసి డోలు మాయమవుతుంది. పంపేముందు మోనోలో వినండి. శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపే లిమిటర్‌తో పాటని మరీ నొక్కేయకండి, స్టేషన్ ప్రాసెసర్ ఎలాగూ మళ్లీ నొక్కుతుంది. అలా రెండుసార్లు నొక్కుడు పడితే సన్నాయి గరగరలాడుతుంది. పీక్ (శబ్దం తాకే గరిష్ఠ స్థాయి) మైనస్ 1 డీబీ దాటనివ్వకండి. ఎఫ్.ఎం.లో 15 కిలోహెర్ట్జ్ పైన ఏదీ వెళ్లదు కాబట్టి, తళుకు కోసం అంతకు పైన పెంచడం వృథా.

పడవ పాటల్లో నిమిషం పాటు సాగే ఆలాపన మనకి ప్రాణం. దాన్ని అసలు పాటలోనే ఉంచండి. రేడియోకి మాత్రం మూడు, మూడున్నర నిమిషాల కూర్పు వేరేగా చేయించండి. గొంతు 15 సెకన్లలోపు మొదలవ్వాలి.

పంపాల్సినవి: 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ వేవ్ ఫైలు, దాంతోపాటు 320 కేబీపీఎస్ ఎంపీ3. వేవ్‌లో పేర్లు, వివరాలు చాలాచోట్ల నిలవవు, ఎంపీ3లో ట్యాగులు నిలుస్తాయి. పాటకి అక్షరాలు, అంకెలు కలిపి 12 ఉండే ఐ.ఎస్.ఆర్.సి. కోడ్ (రికార్డింగు గుర్తింపు సంఖ్య) ఉండాలి. అది లేకపోతే పాట ఎక్కడ మోగిందో లెక్క తేలడం కష్టం. పేరు ఎలా పలకాలో ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి, పలకలేకపోతే ఆ పాట పక్కకి పోవచ్చు. సాహిత్యానికి వరసవారీ ఇంగ్లీషు అర్థం కూడా జతచేయండి. అమెరికాలో ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా అసభ్య ప్రసారానికి జరిమానా పడుతుంది, కాబట్టి అర్థం తెలియని పాటని ఏ డీజే గాలిలోకి వదలడు.

పాట విడుదలకి నాలుగు నుంచి ఆరు వారాల ముందే పంపండి. రెండు వారాలాగి ఒక్కసారి గుర్తుచేయండి, అంతే. డబ్బు కడితే ఇన్నిసార్లు వేయిస్తామని ఎవరైనా మాటిస్తే దూరం జరగండి: డబ్బు తీసుకున్న సంగతి శ్రోతలకి చెప్పకుండా వేయడం అమెరికాలో నేరం.

రాయల్టీ సంగతి. అమెరికా ఎఫ్.ఎం.లు రచయితకి, స్వరకర్తకి చెల్లిస్తాయి, గాయకుడికి చెల్లించవు. అందుకే రచయిత, స్వరకర్త ముందే ఐ.పి.ఆర్.ఎస్.లో (రచయితల, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే భారతీయ సంస్థలో) చేరి పాట నమోదు చేయించుకోవాలి. ఇంటర్నెట్ రేడియోలో మోగితే మాత్రం సౌండ్‌ఎక్స్ఛేంజ్ అనే సంస్థ గాయకుడికి 45 శాతం, రికార్డింగు హక్కుదారుకి 50 శాతం ఇస్తుంది, మిగతా 5 శాతం పక్కవాద్యాల వాళ్లకి వెళుతుంది. డోలు, సన్నాయి వాయించినవాళ్ల పేర్లు రికార్డింగు రోజే రాసిపెట్టుకోండి.