చల్లటి సముద్రంలో స్నార్కెల్‌తో జీవులను గమనించడం, కాపాడటం ఎలా?

సముద్ర జీవులు అనగానే చాలామందికి పగడపు దిబ్బలు, గోరువెచ్చటి నీలి నీళ్ళు గుర్తొస్తాయి. చల్లటి సముద్రం అలా ఉండదు. నీళ్ళు ఆకుపచ్చగా, కాస్త మసగ్గా ఉంటాయి. ఆ మసకలోనే దాని సంపద ఉంది. చల్లటి నీటిలో ఆక్సిజన్ ఎక్కువగా కరుగుతుంది. చాలాచోట్ల అడుగునుంచి పైకి లేచే నీరు పోషకాలను మోసుకొస్తుంది, వాటిమీద ప్లాంక్టన్ (నీటిలో కొట్టుకుపోతూ బతికే చిన్నచిన్న జీవులు) విపరీతంగా పెరుగుతుంది. మిగతా జీవుల్లో చాలావాటి బతుకు దానిమీదే నడుస్తుంది. ఇదంతా చూడటానికి గాలి సిలిండర్లు అక్కర్లేదు, నీటిపైన తేలుతూ ఊపిరి పీల్చుకునే గొట్టం, అంటే స్నార్కెల్, చాలు. కెల్ప్ అనే పెద్ద సముద్రపు నాచుకి వెలుతురు కావాలి కాబట్టి ఒడ్డుకు దగ్గరగా, లోతు తక్కువున్న చోట కూడా కావలసినంత కనిపిస్తుంది.

ఒక్క మాట ముందే చెప్తాను. కొత్త కొత్త చోట్లు వెతుక్కుంటూ తిరగకండి. ఒక్క చోటు ఎంచుకుని ఏళ్ళ తరబడి అక్కడికే వెళ్ళండి. కింద చెప్పే అడుగులన్నీ ఆ లెక్కలోనే ఉంటాయి.

మొదటి అడుగు: శరీరాన్ని సిద్ధం చేసుకోండి

గాలికంటే నీరు మన ఒంట్లోని వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. కాబట్టి వెట్‌సూట్ (ఒంటి వేడిని నిలిపే రబ్బరు లాంటి దుస్తులు) తప్పనిసరి. నీరు 10 డిగ్రీల దగ్గర ఉంటే 7 మిల్లీమీటర్ల మందం, తలకు హుడ్, చేతులకు గ్లవ్స్, కాళ్ళకు బూట్లు వేసుకోండి. సూట్ ఒంటికి అతుక్కున్నట్టు ఉండాలి. వదులుగా ఉంటే లోపల వేడెక్కిన నీరు పోయి మళ్ళీ చన్నీళ్ళు చేరుతుంటాయి, ఎంత మందమున్నా లాభం ఉండదు. సూట్ మనిషిని తేలుస్తుంది. మునగడానికి బరువుల బెల్టు కట్టుకున్నా, కదలకుండా పడుకుంటే హాయిగా తేలేంత బరువే పెట్టుకోండి. దాని బకిల్ ఒంటిచేత్తో ఊడిపోవాలి. ఒడ్డునే కళ్ళు మూసుకుని రెండుమూడుసార్లు ఊడదీసి చూడండి.

తోడు లేకుండా దిగొద్దు. పడవలవాళ్ళకు కనిపించేలా కొట్టొచ్చే రంగు ఫ్లోట్ (నీటిపై తేలే బుడగ లాంటిది) వెంట తీసుకెళ్ళండి.

రెండో అడుగు: చోటు, సమయం చూసుకోండి

సులభంగా దిగి సులభంగా బయటికి రాగలిగే చోటే మంచి చోటు. బయటికి వచ్చే దారులు రెండు ఉంటే ఇంకా మంచిది. ఆటుపోట్ల పట్టిక చూసుకుని, నీరు అటూ ఇటూ లాగకుండా నిలకడగా ఉండే కాసేపట్లో దిగండి. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ లాగుడు బలంగా ఉంటుంది, అష్టమి చుట్టుపక్కల తక్కువ. పెద్ద వాన పడిన మర్నాడు బురద నీళ్ళు తప్ప ఏమీ కనిపించవు. అక్కడ రక్షిత ప్రాంతపు నిబంధనలు ఏమైనా ఉన్నాయేమో కూడా కనుక్కోండి.

మూడో అడుగు: నెమ్మదిగా దిగండి

చన్నీళ్ళు ఒక్కసారిగా నెత్తిన పడితే ఊపిరి ఎలా ఎగబీలుస్తామో తెలుసు కదా. సముద్రంలో అదే జరిగితే ఆ ఊపిరితో నీళ్ళు లోపలికి పోతాయి. దీన్ని కోల్డ్ షాక్ అంటారు. సాధారణంగా ఇది మొదటి ఒకటి నుంచి మూడు నిమిషాలు ఉంటుంది. అందుకే నడుములోతు దాకా నడిచి ఆగండి. ముఖం, మెడ తడుపుకోండి. గుండె దడదడలాడితే టెన్షన్ పడకండి, నీళ్ళలో ముఖం పెట్టకుండా ఊపిరి మామూలయ్యేదాకా నిలబడండి. ఆ తరవాతే స్నార్కెల్ నోట్లో పెట్టుకోండి.

ఊపిరి బిగబట్టి కిందికి వెళ్ళేవాళ్ళకు ఇంకో హెచ్చరిక. మునిగే ముందు గబగబా గాలి పీల్చి వదలడం చాలా ప్రమాదం. దానివల్ల ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి, గాలి కావాలన్న తహతహ ఆలస్యంగా మొదలవుతుంది. ఈలోపే స్పృహ తప్పవచ్చు.

వేళ్ళు మొద్దుబారినా, మాట తడబడినా వెంటనే బయటికి రండి. చూడాల్సింది ఇంకా ఉందనిపిస్తుంది. అయినా రండి.

నాలుగో అడుగు: ఈదడం తగ్గించి చూడటం పెంచండి

కొత్తవాళ్ళు చేసే పొరపాటు ఒకటే, దూరం ఈదడం. ఒక రాతి పక్కన ఐదు నిమిషాలు కదలకుండా తేలండి. మొదటి నిమిషంలో నాచు మాత్రమే కనిపిస్తుంది. తరవాత పీత కాలు ఒకటి కదులుతుంది. రాయనుకున్నది కన్ను తిప్పుతుంది, అది చేప.

యూరప్ అట్లాంటిక్ తీరంలో అయితే కెల్ప్ ఆకును కళ్ళకు దగ్గరగా చూడండి. గోరంత నత్త ఒకటి ఆకుకు అతుక్కుని ఉండవచ్చు. తేనెరంగు పెంకు, దానిమీద చుక్కచుక్కలుగా సాగే నీలి గీతలు. పై నుంచి వెలుగు పడ్డప్పుడు ఆ గీతలు విద్యుద్దీపం వెలిగినట్టు మెరుస్తాయి. బ్లూ రేడ్ లింపెట్ అంటారు దాన్ని. ఆ గీతల్లో నీలి రంగు పదార్థమేదీ లేదు, పెంకు లోపలి సన్నటి పొరలు నీలి వెలుగును తిప్పికొట్టడం వల్లే ఆ మెరుపు. నాకు తెలిసి చల్లటి సముద్రం మీద ప్రేమ పుట్టడానికి ఆ ఒక్క నత్త చాలు. చిన్న టార్చ్ కూడా ఉంచుకోండి. నీరు ఎరుపును ముందే మింగేస్తుంది కాబట్టి, బూడిదరంగుగా కనిపించే బండమీద టార్చ్ వేస్తే ఎరుపు, నారింజ రంగులు బయటపడతాయి.

కెల్ప్ కాడలకు తీగలతో చుట్టుకున్న చిన్న తోలుసంచుల్లాంటివి కనిపిస్తే ముట్టుకోకండి. అవి క్యాట్‌షార్క్ అనే చిన్న సొరచేప గుడ్లు, లోపల పిల్ల నెలల తరబడి పెరుగుతుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఖాళీ సంచులైతే ఫొటో తీసి నమోదు చేయవచ్చు. బ్రిటన్‌లో షార్క్ ట్రస్ట్ అనే సొరచేపల సంరక్షణ సంస్థ 2003 నుంచి ఇలాంటి వివరాలు సేకరిస్తోంది. ఏ రాయినైనా తిప్పి చూస్తే మళ్ళీ అలాగే పెట్టండి. కింది వైపు బతికే జీవులకు ఎండ, వెలుతురు తగిలితే చచ్చిపోతాయి. సీల్ కనిపిస్తే వెంటపడొద్దు, అదే వస్తే కదలకుండా ఉండండి.

ఐదో అడుగు: రాయండి

బయటికి రాగానే తడి బట్టలు మార్చుకుని, మందపాటి బట్టలు వేసుకుని, వెచ్చగా ఏదైనా తాగండి. నీళ్ళలోంచి వచ్చాక కూడా కాసేపు ఒంటి లోపలి వేడి తగ్గుతూనే ఉంటుంది. వెంటనే వేడినీళ్ళ స్నానం చేస్తే కళ్ళు తిరిగి పడిపోవచ్చు, వణుకు తగ్గాక చేయండి.

చేతులు స్వాధీనంలోకి రాగానే రాసుకోండి: తేదీ, చోటు, నీటి వేడి, లోతు, ఎంతసేపు చూశారు, ఏవి ఎన్ని కనిపించాయి. ప్రతిసారీ అదే దారి, అంతే సేపు. 50 సెంటీమీటర్ల చదరపు చట్రం ఒకటి వెంట ఉంటే, అదే బండమీద పెట్టి లెక్కపెట్టడం సులువవుతుంది. కనబడాల్సింది కనబడకపోతే 'లేదు' అని తప్పకుండా రాయండి. ఫొటోలు ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో పెడితే జీవిని గుర్తుపట్టడానికి తెలిసినవాళ్ళు సాయం చేస్తారు.

ఈ రాతలకు ఏం విలువ అనిపించవచ్చు. రాబర్ట్ పెయిన్ అనే జీవశాస్త్రవేత్త 1963లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు మకా బే తీరంలో ఒక బండమీది నుంచి సముద్ర నక్షత్రాలను (స్టార్‌ఫిష్) తీసేయడం మొదలుపెట్టాడు. తిరిగి తిరిగి అదే బండ దగ్గరికి వెళ్ళి లెక్కపెట్టాడు. అవి తినే ఆల్చిప్పల జాతి ఒకటి ఆ బండను ఆక్రమించుకుంది. 15గా ఉన్న జాతులు కొన్నేళ్ళలో 8కి పడిపోయాయి. ఒక్క జీవి మీద ఎన్ని ఆధారపడతాయో అలా తేలింది.

ఆరో అడుగు: కాపాడండి

2013 నుంచి ఉత్తర అమెరికా పడమటి తీరంలో సముద్ర నక్షత్రాలు కరిగిపోయినట్టుగా చనిపోవడం మొదలైంది. వాటిలో మీటరు వెడల్పు వరకు పెరిగే సన్‌ఫ్లవర్ స్టార్ అనే జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. దానికి ఆహారమైన, కెల్ప్‌ను మేసే సీ అర్చిన్లు (ముళ్ళ బంతుల్లాంటి జీవులు) పెరిగిపోయాయి. 2014 నుంచి 2016 దాకా సముద్రం కూడా వేడెక్కింది. ఉత్తర కాలిఫోర్నియాలో బుల్ కెల్ప్ అనే కెల్ప్ రకం 90 శాతానికి పైగా పోయింది. ఆ జబ్బుకు కారణం ఒక విబ్రియో బాక్టీరియా అని 2025లో గానీ తేలలేదు. అంతకుముందు ఎన్ని ఉండేవో లెక్కలు రాసినవాళ్ళు ఉన్నారు కాబట్టే ఎంత పోయిందో చెప్పగలిగారు.

మీ చోటులో ఇలాంటి మార్పేదైనా కనిపిస్తే మీరే వైద్యం మొదలుపెట్టకండి. అర్చిన్లు ఎక్కువయ్యాయని పగలగొట్టడం కొన్నిచోట్ల చట్టవిరుద్ధం కూడా. తేదీలతో, ఫొటోలతో ఆ తీరాన్ని చూసుకునే అధికారులకూ పరిశోధకులకూ పంపండి. తెగిన వలలు కనిపిస్తే చోటు గుర్తుపెట్టుకుని చెప్పండి, నీళ్ళలో వాటిని మీరే లాగితే చిక్కుకునే ప్రమాదం ఉంది. ఒక తీరంనుంచి ఇంకో తీరానికి వెళ్ళే ముందు సూట్, ఫిన్స్ (కాళ్ళకు వేసుకునే ఈత రెక్కలు), బూట్లు మంచినీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. వాకామే లాంటి పరాయి నాచు, ఇతర జీవులు తడి సామాన్లమీద ప్రయాణించగలవు. బూట్ల లోపలి మడతలు, బకిళ్ళ సందులు మర్చిపోవద్దు, ఇసుకతోపాటు మిగతావి కూడా అక్కడే దాక్కుంటాయి.