పెట్రోలు వాసన వస్తోందా? ముందు ట్యాంకు మూత చూడండి

ఎండలో నిలిపిన కారు దగ్గరికి గంట తర్వాత వెళితే వెనుక చక్రం వైపు పెట్రోలు వాసన గుప్పుమంటుంది. పైపు పగిలిందేమోనని కంగారుపడి మెకానిక్ దగ్గరికి వెళ్లే ముందు ట్యాంకు మూత తీసి చేతిలోకి తీసుకుని చూడండి. తక్కువ ఖర్చుతో ఇంటి దగ్గరే సరిచేసుకోగలిగిన తప్పు అందులోనే ఉండవచ్చు. అయితే ఒక్క మాట. కారు కింద నేల తడిసినా, చుక్కలు పడుతున్నా అది మూత సమస్య కాదు. బండి స్టార్ట్ చేయకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.

వాసన వస్తుంటే

మూత లోపలి వైపు చుట్టూ నల్లటి రబ్బరు రింగు ఉంటుంది. ఆవిరి బయటకు పోకుండా ఆపేది అదే. ఏళ్ల తరబడి వేడి తగిలి, పెట్రోలు సోకి అది బిరుసెక్కుతుంది, సన్నగా పగుళ్లిస్తుంది. గోటితో నొక్కి చూడండి. లోపలికి దిగి మళ్లీ పైకి పొంగితే రబ్బరులో ఇంకా జీవం ఉన్నట్టే. గోరు దిగకపోయినా, పగుళ్లు కనిపించినా మూత మార్చాలి. కొన్నిచోట్ల రింగు ఒక్కటే విడిగా దొరుకుతుంది. నేనైతే మూత మొత్తం మార్చమంటాను, ఎందుకంటే రింగుతో పాటు లోపలి వాల్వుకూ వయసు మీద పడి ఉంటుంది.

ట్యాంకు మూతి అంచును కూడా పొడిబట్టతో తుడిచి చూడండి. అక్కడ తుప్పు పట్టినా, సొట్ట పడినా ఎంత మంచి మూత తెచ్చినా వాసన ఆగదు.

ఎంత తిప్పినా టిక్కుమనకపోతే

లోపలి పళ్లు అరిగిపోయాయి. దీనికి మరమ్మతు లేదు, కొత్త మూత కొనాల్సిందే.

దూరం వెళ్లాక ఇంజిన్ నీరసపడితే

జనం తికమకపడేది ఇక్కడే. బండి 40, 50 కిలోమీటర్లు చక్కగా నడుస్తుంది, తర్వాత గుంజుతూ ఆగిపోతుంది. పావుగంట ఆగితే మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. పెట్రోలు ఖర్చవుతున్నకొద్దీ ట్యాంకులో ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలోకి బయటి గాలి రావాలి. రాకపోతే లోపల వెలితి పెరిగి, పంపు ఎంత లాగినా పెట్రోలు సరిగ్గా అందదు. ఇలా ఆగినప్పుడు మూత వదులు చేయండి. బుస్సుమని గాలి గట్టిగా లోపలికి పీల్చుకుని, వెంటనే ఇంజిన్ అందుకుంటే గాలి దారి మూసుకుపోయిందన్నమాట. మూత తీసినప్పుడు చిన్నగా వినిపించే శబ్దం మాత్రం మామూలే.

పాత కార్లలో ఆ గాలి మూతలోని రంధ్రం గుండానే వస్తుంది కాబట్టి మూత మారిస్తే సరిపోతుంది. ఇప్పటి కార్లలో గాలి బొగ్గు డబ్బా గుండా వస్తుంది. పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే ఈ డబ్బాను మెకానిక్‌లు క్యానిస్టర్ అంటారు. మూతలోని వాల్వు దానికి తోడు మాత్రమే. కొత్త మూత పెట్టాక కూడా బుస్సుమంటుంటే క్యానిస్టర్ గొట్టాలు చూపించాలి. బంకులో ఆటో కట్ అయ్యాక లెక్క సరిచేయడానికి ఇంకాస్త పోయించే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ మిగులు పెట్రోలు క్యానిస్టర్‌లోకి చేరి దాన్ని పాడు చేస్తుంది. దయచేసి ఆ అలవాటు మానండి.

కొత్త మూత పెట్టడం

మోడల్ పేరు ఒక్కటే చెప్పి కొనకండి. పైకి ఒకేలా కనిపించే మూతల్లో మరలు, వాల్వులు తేడాగా ఉంటాయి. 17 అక్షరాల చాసిస్ నంబరు చెప్పి అడగండి, పాత మూత వెంట తీసుకెళ్లండి.

ఇంజిన్ ఆపి, చల్లారాక, ఆరుబయట పని మొదలుపెట్టండి. సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా పెట్రోలు మండగలిగినంత ఆవిరిని వదులుతుంది. ఇక మన వేసవి సంగతి చెప్పాలా? దగ్గర్లో పొయ్యి, దీపం, సిగరెట్ ఏవీ ఉండకూడదు. ముందుగా కారు లోహపు భాగాన్ని చేత్తో తాకండి, ఒంట్లోని స్థిర విద్యుత్తు పోతుంది.

మూతను నెమ్మదిగా తిప్పండి. లోపలి ఒత్తిడి పోయే శబ్దం ఆగాక పూర్తిగా తీయండి. మూతను కారుకు పట్టి ఉంచే ప్లాస్టిక్ పట్టీ మూత మీది చిన్న తలుపుకో, ట్యాంకు మూతి దగ్గరో చిన్న గుండీలా దిగి ఉంటుంది. దాన్ని వేళ్లతో లాగి, కొత్త పట్టీని అదే రంధ్రంలో నొక్కండి. మూతను మొదట ఎడమకు కాస్త తిప్పి, మర సరిగ్గా కుదిరాక కుడివైపు బిగించండి. టిక్కుమన్నాక ఆపండి. కొన్ని కార్లకు మూడు టిక్కులు కావాలి, అది మూత మీదే రాసి ఉంటుంది. బిగువు కోసం రబ్బరుకు నూనె గానీ గ్రీజు గానీ పూయకండి.

మూత బంకులో మరిచిపోయి వస్తే కొందరు మూతిలో గుడ్డ కుక్కుతారు. అది చాలా ప్రమాదం. ఆవిరి గుడ్డలోంచి బయటకు వస్తూనే ఉంటుంది, దారాలు ట్యాంకులో పడతాయి. వెనక్కి వెళ్లి మూత తెచ్చుకోండి, దొరక్కపోతే దగ్గరి దుకాణంలో కొనండి.

ఇంజిన్ లైటు వెలిగి ఉంటే

ఆవిరి లీకును పసిగట్టే కార్లలో మూత వదులుగా ఉన్నా డాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలుగుతుంది. అమెరికాలో 1996 నుంచి కార్లకు స్వీయ పరీక్ష వ్యవస్థ తప్పనిసరి కావడంతో అక్కడి తెలుగువారికి ఇది బాగా తెలిసిన సంగతి. కారు గుర్తించిన తప్పుల కోడ్‌లు చదివే స్కానర్‌లో పి0457 కనిపిస్తే మూత వదులైందని, పి0455 కనిపిస్తే పెద్ద లీకు ఉందని అర్థం. కొత్త మూత పెట్టగానే లైటు ఆరదు, కారు తనను తాను మళ్లీ పరీక్షించుకోవడానికి కొన్ని రోజుల ప్రయాణం పడుతుంది. వారం పది రోజులు రోజూ నడిపినా ఆరకపోతే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. మూత మార్చిన సంగతి మొదటే చెబితే ఆయన నేరుగా క్యానిస్టర్, గొట్టాల దగ్గర మొదలుపెడతారు.