"స్టడీలో తేలింది" అని ఎవరైనా అంటే, ఆ స్టడీని చదవడం ఎలా?

మా బావకి పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండి అనే ఊరి దగ్గర నాలుగు రొయ్యల చెరువులున్నాయి. కిందటి ఏడాది ఒక కంపెనీ కుర్రాడు బండి మీద వచ్చి రంగుల కాగితం ఒకటి చేతిలో పెట్టాడు. "మా మినరల్ మందు వాడితే రొయ్య బతకడం 40 శాతం పెరిగిందండి. ఇదిగో స్టడీ." బావ మనసులో లెక్క కట్టుకుని బస్తాలు దింపించాడు. తీరా పంట పట్టాక చూస్తే ఎప్పటిలాగే ఉంది. ఆ కాగితం పట్టుకొచ్చి నా ముందు పడేసి, "లెక్కల మేష్టారివి కదా, ఇందులో అబద్ధం ఎక్కడుందో చెప్పు బావా" అన్నాడు.

అబద్ధం ఎక్కడా లేదు. అసలు పేపర్ సంపాదించి చూస్తే, మందు వేసినవి మూడు చెరువులు, వెయ్యనివి మూడు. చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాలతో ఒక టేబుల్ ఉంది. మందు వేసిన చెరువుల్లో ఆరేసి ఏరేటర్లు (నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు), వెయ్యని వాటిలో నాలుగేసి. ఆ రొయ్యల్ని మందు బతికించిందో, గాలి బతికించిందో ఎవరు చెప్పగలరు?

అప్పట్నుంచి ఊళ్ళో ఎవరికి "స్టడీ" కాగితం వచ్చినా మా అరుగు మీదకే వస్తోంది. నేను సైంటిస్టుని కాను. పేపర్ పట్టుకున్నప్పుడు ఏ వరసలో చూస్తానో అదే ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు అసలు పేపర్ తెచ్చుకోండి

దినపత్రికలో వచ్చిన వార్త, వాట్సాప్ ఫార్వర్డు, కంపెనీ కరపత్రం, వీటిలో ఏదీ స్టడీ కాదు. అవన్నీ స్టడీ గురించి ఎవరో చెప్పిన మాటలు. పేపర్ పేరు గూగుల్ స్కాలర్‌లో, అంటే పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ సైట్‌లో కొట్టండి. వైద్యానికి సంబంధించినదైతే పబ్‌మెడ్ అనే సైట్‌లో సారాంశం ఉచితంగా దొరుకుతుంది. పూర్తి పేపర్‌కి డబ్బు అడిగితే గూగుల్ స్కాలర్‌లోనే ఆ పేరు కింద మిగతా వెర్షన్ల లింక్ ఉంటుంది, చాలాసార్లు అక్కడ ఉచిత కాపీ తగులుతుంది. అదీ లేకపోతే రాసినవాళ్ళకే మెయిల్ పెట్టండి. తమ పేపర్ ఎవరో చదువుతామన్నారంటే వాళ్ళకీ సంతోషమే.

మెడ్‌ఆర్కైవ్ అనే వైద్య పేపర్ల సైట్ లాంటి చోట దొరికినది ఇంకా వేరే నిపుణులు పరిశీలించని ప్రతి అని గుర్తుంచుకోండి. మన దేశంలో మనుషుల మీద జరిగే మందుల ట్రయల్ అయితే సీటీఆర్‌ఐ అనే రిజిస్ట్రీలో పేరుండాలి. 2009 జూన్ నుంచి అది తప్పనిసరి. మొదలుపెట్టేటప్పుడు ఏం కొలుస్తామని అక్కడ రాశారో, చివరికి పేపర్‌లో ఏం కొలిచామన్నారో పక్కపక్కన పెట్టి చూడండి. ఈ ఒక్క పనీ చేస్తే చాలా బండారాలు బయటపడతాయి.

2. సారాంశం చివర చదవండి

పేపర్ మొదట్లో ఉండే సారాంశం పెళ్ళి సంబంధం తెచ్చిన మధ్యవర్తి మాట లాంటిది. అబద్ధం ఆడకపోవచ్చు, కానీ పిల్లాడి మంచే చెబుతాడు. అందుకని నేను నేరుగా టేబుళ్ళకి పోతాను, తర్వాత "పద్ధతులు" అనే భాగం. ఎవరి మీద చేశారు, ఎంతమంది, ఎన్నాళ్ళు, మధ్యలో ఎంతమంది మానేశారు. ఈ నాలుగూ కాగితం మీద రాసుకున్నాకే రచయితలు ఏమంటున్నారో చూస్తాను. డబ్బు ఎవరిచ్చారన్నది పేపర్ చివర ఉంటుంది. కంపెనీ డబ్బుతో జరిగినంత మాత్రాన తప్పని కాదు, కళ్ళజోడు తుడుచుకుని చదవాలంతే.

3. "దేనితో పోలిస్తే?" అని అడగండి

నన్నడిగితే ఇదే ప్రాణం. మందు వేశాం, తగ్గింది అంటే చాలదు. వెయ్యకపోతే ఏమయ్యేది? జలుబుకి ఏ కషాయం తాగినా వారంలో తగ్గుతుంది, తాగకపోయినా తగ్గుతుంది.

ఈ పోల్చే పద్ధతి మందుల్లోకి వచ్చింది పొలాల నుంచే. ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో 1920లలో రోనాల్డ్ ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త, ఏ మడికి ఏ ఎరువు వెయ్యాలో మనిషి ఇష్టానికి వదలకుండా చీటీ తీసినట్టు నిర్ణయించాలన్నాడు. మన పక్కనే మార్టేరు పరిశోధన కేంద్రం ఉంది. 1982లో వచ్చిన స్వర్ణ, అదే ఎంటీయూ 7029, అక్కడి వంగడమే. వరి వంగడాల్ని అలాంటి చోట పరీక్షించేటప్పుడు ఒక్కో రకాన్ని ఒకే మడిలో కాక, పొలంలో వేరువేరు చోట్ల మళ్ళీ మళ్ళీ వేస్తారు. కాలవ పక్క మడి ఎలాగూ బాగా పండుతుంది కదా, ఆ గొప్ప వంగడం ఖాతాలో పడకూడదని.

మనుషుల దగ్గర ఇదే పని చేసిన పేరున్న ట్రయల్ 1948లో బ్రిటన్‌లో అచ్చయింది. క్షయ రోగులు 107 మంది. చీటీల పద్ధతిలో 55 మందికి మంచం మీద విశ్రాంతితో పాటు స్ట్రెప్టోమైసిన్, మిగతా 52 మందికి విశ్రాంతి మాత్రమే. ఆరు నెలలకి మందు తీసుకున్నవాళ్ళలో చనిపోయింది 4, తీసుకోనివాళ్ళలో 14.

4. శాతాల్ని మనుషులుగా మార్చుకోండి

పై అంకెలే తీసుకోండి. 55లో 4 అంటే దాదాపు 7 శాతం. 52లో 14 అంటే దాదాపు 27 శాతం. దీన్ని రెండు రకాలుగా చెప్పొచ్చు. "చావులు 73 శాతం తగ్గాయి" అనొచ్చు. "వందమందికి మందిస్తే అదనంగా 20 మంది బతికారు" అనొచ్చు. రెండూ నిజమే. ఇక్కడ తేడా పెద్దది కాబట్టి ఎలా చెప్పినా గొప్పే. కానీ ఏదో మందు వల్ల వెయ్యి మందిలో ఇద్దరికి రావలసిన జబ్బు ఒకరికే వచ్చిందనుకోండి, దాన్నీ "సగానికి సగం తగ్గింది" అని టీవీలో అరుస్తారు. శాతం కనబడగానే "ఎంతమందిలో ఎంతమంది?" అని మళ్ళీ అడగండి.

ఎన్నాళ్ళు చూశారన్నదీ అడగాలి. ఆ క్షయ రోగుల్నే ఐదేళ్ళ తర్వాత లెక్కపెడితే మందు తీసుకున్న 55 మందిలో 32 మంది, తీసుకోని 52 మందిలో 35 మంది పోయారు. క్రిములు మందుకి అలవాటు పడిపోయాయి. ఆరు నెలల కాగితం చదివినవాడికీ, ఐదేళ్ళ కాగితం చదివినవాడికీ ఆ మందు మీద ఒకే అభిప్రాయం ఎలా ఉంటుంది?

ఇంకో చిన్న లెక్క. ఎవరైనా "30 చెరువుల్లో వాడాం, ఒక్కదానికీ తెల్లమచ్చ రోగం రాలేదు" అంటే 3ని 30తో భాగించండి, ఇది గణాంకాల్లో వాడే ఒక ఉజ్జాయింపు సూత్రం. 10 శాతం. అంటే అసలు రిస్క్ పదింట ఒకటి దాకా ఉన్నా, వరసగా 30 చెరువులు తప్పించుకోవడం అరుదే గానీ జరగనిదేమీ కాదు. సున్నా అంటే సున్నా కాదు.

5. ఏం కొలిచారు? ఎవర్ని కొలిచారు?

బోదకాలు మన డెల్టాకి తెలిసిన జబ్బే. రాత్రిపూట ఇంటికొచ్చి వేలు గుచ్చి రక్తం తీసుకెళ్ళడం పెద్దవాళ్ళకి గుర్తుంటుంది. ఆ క్రిమి పిల్లలు నెత్తురులో తిరిగేది ఎక్కువగా రాత్రే మరి. ఆ జబ్బుకి మింగే డీఈసీ మాత్ర, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపిన పరిశోధన నుంచి వచ్చింది. ఆ మాత్ర రక్తంలోని క్రిమి పిల్లల్ని బాగా తగ్గిస్తుంది. కానీ ఏళ్ళ తరబడి వాచి గట్టిపడిన కాలు మాత్రతో మామూలుగా అయిపోదు. ఒక స్టడీ రక్తంలో క్రిముల్ని లెక్కపెడితే "అద్భుతం" అంటుంది, ఇంకోటి కాలు చుట్టుకొలత తీస్తే "పెద్దగా లేదు" అంటుంది. మీకు కావలసింది ఏదో అదే కొలిచారా అని చూసుకోండి. షుగర్ అంకె, కొలెస్ట్రాల్ అంకె తగ్గాయన్న పేపర్లన్నిటికీ ఇదే ప్రశ్న.

ఎవర్ని అన్నదానికి ఒక మంచి ఉదాహరణ మన దగ్గరే ఉంది. 2006లో అచ్చయిన ఒక స్టడీలో అప్పటి ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఏడాది పాటు జరిగిన మరణాల్ని లెక్కపెట్టారు. 1,354 మరణాలు. వాటిలో దాదాపు మూడో వంతు, 32 శాతం, గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. పల్లెల్లో జనం అంటురోగాలతోనే పోతారనుకునే రోజులవి. ఆసుపత్రి రికార్డులు చూసి ఉంటే ఇంట్లో పోయినవాళ్ళు లెక్కలోకి వచ్చేవారు కాదు, ఇంటింటికీ వెళ్ళబట్టే తెలిసింది. దీనిలోనూ ఒక మెలిక ఉంది. కారణం తేల్చింది ఇంట్లోవాళ్ళని అడిగి, లక్షణాల్ని బట్టి. అది గుర్తుపెట్టుకుని చదివితే చాలు.

6. ఏ శాస్త్రమో చూసి పట్టు మార్చండి

ఇంజనీరింగ్ పేపర్ అయితే ఏ పరిస్థితుల్లో పరీక్షించారో వెతకండి. ఏరేటర్ సంగతే చూద్దాం. దాని డబ్బా మీద గంటకి ఇన్ని కేజీల ఆక్సిజన్ కలుపుతుందని ఉంటుంది. ఆ పరీక్ష చేసేది శుభ్రమైన నీళ్ళ ట్యాంకులో, 20 డిగ్రీల లెక్కకి సరిచేసి, నీళ్ళలో ఆక్సిజన్ సున్నా ఉన్నప్పటి అంకెగా రాస్తారు. 20 డిగ్రీల దగ్గర మంచినీరు లీటరుకి 9.1 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకుంటుంది. అంటే యంత్రం పూడ్చాల్సిన ఖాళీ 9.1. మన చెరువు 30 డిగ్రీలు, అక్కడ పట్టేదే 7.5, ఉప్పు ఉంటే ఇంకా తక్కువ. చెరువులో అప్పటికే 4 ఉంటే ఖాళీ 3.5. ఖాళీ తగ్గేకొద్దీ కలిసే వేగం తగ్గుతుంది. వేడి వల్ల వేగం కొంత పెరిగినా, డబ్బా మీది అంకెలో సగం వచ్చినా గొప్పే. తయారీదారు మోసం చెయ్యలేదు, ట్యాంకు వేరు, చెరువు వేరు.

గణితం పేపర్ దగ్గర లెక్క పూర్తిగా తారుమారు. అక్కడ ఎన్ని ఉదాహరణలు పనిచేసినా రుజువు కాదు. ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యనీ, 41నీ కలపండి. 0 నుంచి 39 దాకా ఏది తీసుకున్నా ప్రధాన సంఖ్యే వస్తుంది, నలభై సార్లు వరసగా. 40 దగ్గర 1681 వస్తుంది, అది 41 ఇంటూ 41. మా పిల్లలకి ఏటా ఇది బోర్డు మీద చేయిస్తాను, ఏటా ఇరవై దాటేసరికి అందరూ "ఇంక చాలు సార్" అంటారు. గణితంలో "అయితే" అన్న మాట ముందున్న షరతులే చదవాలి. ఆ షరతులు మీ సమస్యకి వర్తించకపోతే సిద్ధాంతం ఎంత గొప్పదైనా మీకు కాదు.

నిర్ణయాలు ఎలా తీసుకుంటామన్న స్టడీలు చదవడానికి బలే సరదాగా ఉంటాయి, అందుకే జాగ్రత్త ఎక్కువ కావాలి. 1982లో ఊపిరితిత్తుల క్యాన్సర్ వైద్యం గురించి రోగుల్ని, డాక్టర్లని, విద్యార్థుల్ని అడిగారు. ఆపరేషన్ ఫలితాన్ని "ఇంతమంది బతుకుతారు" అని చెబితే ఎక్కువమంది సరేనన్నారు, అదే అంకెని "ఇంతమంది పోతారు" అని తిప్పి చెబితే వెనక్కి తగ్గారు. డాక్టర్లు కూడా! ఇలాంటి వాటిలో ఒక్కటే చూడండి: అవతలివాళ్ళు నిజంగా నిర్ణయం తీసుకున్నారా, "ఒకవేళ ఇలా అయితే" అని కాగితం మీద టిక్కు పెట్టారా?

మందుల పేపర్ మాత్రం ఎంత బాగా అర్థమైనా మీ అంతట మీరు బీపీ మాత్ర ఆపేయకండి. పేపర్ మడిచి జేబులో పెట్టుకుని డాక్టర్ గారిని అడగండి.

7. వీలైతే మీరే ఒకసారి చేసి చూడండి

ఈ ఏడాది బావ ఇంకో మందు గురించి అడిగితే, కొనేముందు పరీక్షిద్దామన్నాను. నాలుగు చెరువులు, రెండింటికి మందు, రెండింటికి లేదు. సీడు, అంటే రొయ్య పిల్లలు, ఒకే హేచరీవి, మేత ఒకటే, ఏరేటర్లు సమానం. ఏ రెండింటికి అన్నది మాత్రం చీటీలే చెప్పాలి.

నాలుగింట్లో రెండింటిని ఎంచుకోడానికి ఆరు దారులున్నాయి. అంటే మందు ఉత్త నీళ్ళే అయినా, ఆరుసార్లలో ఒకసారి మందు చెరువులు రెండూ మిగతా రెండింటినీ మించిపోతాయి. ఒక్క పంట చాలదు, రెండు మూడు పంటలు ఓపిక పట్టాలి బావా అని ముందే చెప్పాను. మూతి ముడిచాడు గానీ సరేనన్నాడు.

చీటీలు మా చిన్నది తీసింది. కాలవ పక్క చెరువు మందు లేని వైపు పడింది. బావకి అన్నిట్లోకీ ఇష్టమైన చెరువు అదే. "అమ్మాయి సరిగా కలపలేదు, మళ్ళీ తీద్దాం" అన్నాడు. చీటీలు నా చొక్కా జేబులో పెట్టుకుని, టీ తాగుదాం పద అని గట్టు దిగాను.