నగరంలో చోట్లు చదవడం – 5వ పాఠం: ‘అప్పుడు’కీ ‘ఇప్పుడు’కీ మధ్య

ఈ పాఠంలో పటాలు మొదలుపెట్టాలి. పోయినసారి ఇచ్చిన అభ్యాసానికి మీ జవాబులు చదివాక, పటాలను ఆరో పాఠానికి జరిపేశాను. మీకు తెలిసిన ఒక చోటు తీసుకుని అది ఎలా మారిందో ఒక పేజీలో రాయమన్నాను. దాదాపు అందరూ ఒకే కథ రాశారు. ముందు ఫ్యాక్టరీ ఉండేది, ఇప్పుడు అపార్ట్‌మెంట్లు వచ్చాయి. ముందు థియేటర్, ఇప్పుడు మాల్. ముందు ప్రశాంతత, ఇప్పుడు రద్దీ. చివర్లో ఒక ముగింపు వాక్యం: సగం మందికి ఆ చోటు ‘ఎంతో అభివృద్ధి చెందింది’, మిగతా సగానికి ‘తన ఆత్మను పోగొట్టుకుంది’.

తీర్పులు బాగానే ఉన్నాయి, విచారణే జరగలేదు. అందుకే ఈ పాఠమంతా ఆ విచారణ గురించే.

భూగోళశాస్త్రవేత్త జాన్ ఆగ్న్యూ 1987లో చోటుకు చెప్పిన మూడు ముఖాలు (అదెక్కడుంది, అక్కడి కట్టడాలూ వ్యవహారాలూ ఏమిటి, మనుషులకు దానితో ఉన్న అనుబంధం ఏమిటి) మళ్లీ వివరించను. వాటి దగ్గరే తడబడుతుంటే నాలుగో పాఠం ఇంకోసారి చదివి రండి. స్పేస్‌కీ చోటుకీ తేడా కూడా అక్కడే ఉంది.

ఈసారి కాగితం మీద నాలుగు వరుసలు గీయండి. రూపం, వాడకం, మనుషులు, అర్థం. చోటు మారిందంటే వీటిలో ఏదో ఒకటి మారిందని. ఏది మారింది, ఏది ముందు కదిలింది, ఏది మొరాయించింది అన్నదే మన పని. నాలుగూ ఒకే వేగంతో నడవవు. మీ జవాబుల్లో మాత్రం నాలుగూ ఒకే రోజు, ఒకే బుల్‌డోజర్‌తో మారిపోయాయి.

రూపం దాదాపు కదలకుండా మిగతావన్నీ మారిన ఉదాహరణ కావాలంటే లండన్‌లో బ్రిక్ లేన్, ఫోర్నియర్ వీధి కలిసే మూలన ఉన్న ఇటుక భవనం చూడండి. ఫ్రాన్స్‌లో మతహింస తప్పించుకుని వచ్చిన హ్యూగెనో ప్రొటెస్టంట్లు 1743లో దాన్ని ప్రార్థనా మందిరంగా కట్టుకున్నారు. ఆ చుట్టుపక్కల పట్టునేత వాళ్లదే. 1819లో అది మెథడిస్టులనే మరో ప్రొటెస్టంట్ శాఖ చేతికి వచ్చింది. ఆ శతాబ్దం చివర్లో రష్యా సామ్రాజ్యం నుంచి పారిపోయి వచ్చిన యూదులకు అది సినగాగ్, అంటే వాళ్ల ప్రార్థనా మందిరం. వాళ్ల పిల్లలు కాస్త స్థిరపడి శివారు ప్రాంతాలకు తరలిపోయాక, 1976లో బంగ్లాదేశీయులు దాన్ని మసీదు చేసుకున్నారు. గోడలు అవే. గోడ మీది సూర్య గడియారం కూడా అదే. తర్వాత పక్కన మినార్‌లాంటి ఒక స్టీలు స్తంభం చేరింది, అంతే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. వచ్చిన వాళ్లు మారినా, వాళ్లు అక్కడికే రావడానికి కారణాలు పెద్దగా మారలేదు. ఓడరేవు దగ్గర, అద్దె తక్కువ, బట్టల పనులు దొరుకుతాయి. అంటే వాడకం వరుసలో ‘చర్చి, సినగాగ్, మసీదు’ అని రాసేసి ఊరుకుంటే సగమే రాసినట్టు. కొత్తగా వలస వచ్చినవాళ్లు ముందు కాలు మోపే చోటుగా దాని వాడకం రెండు శతాబ్దాలకు పైగా నడిచింది.

అర్థమే ముందు మారిన ఉదాహరణ న్యూయార్క్ హై లైన్. ఇది చాలామందికి తెలుసు, చాలామంది తప్పుగా చెప్తారు. పాత రైలు వంతెన మీద పార్కు కట్టారు, చుట్టుపక్కల ధరలు పెరిగాయి అంటారు. ఏది ముందు, ఏది తర్వాత జరిగిందో చూడండి. 1934లో మొదలైన ఆ ఎత్తు రైలు మార్గం మాంసం, పాలు, సరుకులు మోసేది. ట్రక్కులు ఆ పని లాగేసుకున్నాయి, 1980 తర్వాత రైలు నడవలేదు. పట్టాల మీద గడ్డి, పిచ్చిమొక్కలు మొలిచాయి. కింద భూములున్నవాళ్లు కూల్చేయమని పట్టుబట్టారు. వాళ్ల దృష్టిలో అది తుప్పు. 1999లో దాన్ని నిలబెట్టాలని ఒక బృందం ఏర్పడింది. జోయెల్ స్టెర్న్‌ఫెల్డ్ అనే ఫొటోగ్రాఫర్ 2000, 2001 సంవత్సరాల్లో పైకెక్కి, రుతువు మారినప్పుడల్లా ఆ గడ్డిని ఫొటోలు తీశాడు. నగరం మధ్య గాలిలో వేలాడే పచ్చిక! అప్పటికి వంతెన మీద ఒక్క బోల్టు కూడా మారలేదు. అర్థం వరుస ఒక్కటే కదిలింది. తుప్పు కాస్తా సంపద అయింది.

కానీ ఫొటోలు వంతెనను కాపాడాయని రాసి వదిలేయకండి. 2005లో నగరం ఆ ప్రాంతపు జోనింగ్ (ఏ స్థలంలో ఏమి, ఎంత కట్టొచ్చో చెప్పే నిబంధనలు) మార్చింది. వంతెన కింద భూములున్నవాళ్లు తమ నిర్మాణ హక్కులను దగ్గర్లోని వేరే స్థలాలకు బదిలీ చేసి అమ్ముకోవచ్చంది. కూల్చేయమన్నవాళ్ల గొంతు తగ్గడానికి ఇదొక పెద్ద కారణం. 2009లో పార్కు మొదటి భాగం తెరిచేనాటికి ఎత్తయిన భవనాలకు దారి ఎప్పుడో సిద్ధమైంది.

ఇక నాకు ఒళ్లు మండే విషయానికి వస్తాను. దీనికి నేను పెట్టుకున్న పేరు రెండు ఫొటోల ఉచ్చు. ఒక పాత ఫొటో, ఒక కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి, ‘చూశారా ఎంత మారిందో’ అనడం. మీ జవాబులన్నీ ఈ రెండు ఫొటోలే. పత్రికల్లో, ప్రభుత్వ బ్రోచర్లలో, బిల్డర్ల ప్రకటనల్లో కూడా ఇవే. రెండు ఫొటోలు పక్కన పెట్టగానే మొదటిది తనంతట తానే రెండోదిగా మారిపోయినట్టు కనిపిస్తుంది. మధ్యలో వాదించినవాళ్లు, ఓడిపోయిన ప్రణాళికలు, ఖాళీగా పడున్న ఏళ్లు, అన్నీ ఆ రెండు ఫ్రేముల మధ్య సందులో పడిపోతాయి. అసలు మార్పంతా జరిగింది ఆ సందులోనే.

లండన్ పాత రేవు ప్రాంతం డాక్‌లాండ్స్ మీద ఇది ఎలా పని చేస్తుందో చూద్దాం. మొదటి ఫొటోలో క్రేన్లు, ఓడలు, బస్తాలు మోసే కూలీలు. రెండో ఫొటోలో కెనరీ వార్ఫ్ అద్దాల టవర్లు. ‘రేవు పోయింది, ఆర్థిక కేంద్రం వచ్చింది.’ పరీక్షలో దీనికి మార్కులు కూడా వేస్తారు, అదే నా బాధ.

ఇప్పుడు సందు తెరవండి. కంటెయినర్ ఓడలు వచ్చాయి. వాటికి లోతైన నీళ్లు, విశాలమైన యార్డులు కావాలి. థేమ్స్ నది దిగువన టిల్బరీలో అవి ఉన్నాయి, పాత డాకుల్లో లేవు. 1967లో ఈస్ట్ ఇండియా డాక్ మూతపడింది. ఒకదాని వెనక ఒకటి, 1981లో రాయల్ డాకులతో ఆ మూసివేత పూర్తయింది. చూశారా, రేవు ఒక్క రోజులో పోలేదు. ఆ మధ్యలో మనుషులు అక్కడే ఉన్నారు. 1970లో డాక్‌లాండ్స్‌లోని ఐల్ ఆఫ్ డాగ్స్ నివాసులు, బస్సులు సరిగా లేవు, స్కూళ్లు సరిగా లేవు అని రోడ్లకు అడ్డంపడి ఏకంగా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు! అది నిరసనే, కానీ ఆ చోటు మాది అనే అర్థం ఎంత గట్టిగా ఉందో చెప్పే నిరసన.

1976లో స్థానిక కౌన్సిళ్లు కలిసి ఒక ప్రణాళిక తెచ్చాయి. అందులో ఉన్నది సామాన్యులకు ఇళ్లు, పరిశ్రమల ఉద్యోగాలు. అంటే రెండో ఫొటో వేరేగా ఉండే అవకాశం కాగితం మీదైనా ఉంది. 1981లో కేంద్ర ప్రభుత్వం లండన్ డాక్‌లాండ్స్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌ను పెట్టి, ప్లానింగ్ అధికారాలను ఆ కౌన్సిళ్ల చేతిలోంచి తీసుకుంది. 1982లో ఐల్ ఆఫ్ డాగ్స్‌లో ఎంటర్‌ప్రైజ్ జోన్ వచ్చింది. అక్కడ కట్టేవాళ్లకు పదేళ్ల పాటు పన్ను రాయితీలు. 1986లో లండన్ ఆర్థిక మార్కెట్ల నిబంధనలు సడలించగానే బ్యాంకులకు విశాలమైన ట్రేడింగ్ అంతస్తులు కావాల్సి వచ్చాయి. లండన్ పాత ఆర్థిక కేంద్రమైన ‘సిటీ’ ఇరుకు వీధుల్లో అవి పట్టవు. 1987లో లైట్ రైల్వే, 1991లో కెనరీ వార్ఫ్ పెద్ద టవర్. కథ ఇక్కడితో సుఖాంతం అనుకుంటే, 1992లో దాన్ని కట్టిన ఒలింపియా అండ్ యార్క్ సంస్థ దివాలా తీసింది. అప్పట్లో అది ఖాళీ గదుల టవర్. జూబిలీ లైన్ మెట్రో అక్కడిదాకా వచ్చింది 1999లో.

ఇన్ని ఏళ్లు ఎందుకు రాశానంటే, వీటిలో ప్రతి ఏడాదికీ ఒక కర్త ఉన్నాడు. ఓడల కంపెనీ, కౌన్సిల్, ప్రభుత్వం, బిల్డర్, రోడ్డుకు అడ్డంపడ్డ నివాసి. మీ పేజీలో ‘ప్రాంతం మారింది’ అని ఉన్న ప్రతిచోటా ‘ఎవరు మార్చారు?’ అని అంచున రాసుకోండి. జవాబు దొరక్కపోతే ఆ వాక్యం కొట్టేయండి. కాలక్రమేణా, సహజంగా, క్రమక్రమంగా లాంటి మాటలు ఈ పాఠం నుంచి నిషేధం. క్రమక్రమంగా జరిగితే ఆ క్రమం ఏమిటో చెప్పండి.

ఇప్పుడు డబ్బు. సామాజికశాస్త్రవేత్త రూత్ గ్లాస్ 1964లో లండన్ శ్రామికవాడల్లోకి మధ్యతరగతి వచ్చి చేరడాన్ని జెంట్రిఫికేషన్ అంది. అది ఎందుకు, ఎక్కడ జరుగుతుందో 1979లో భూగోళశాస్త్రవేత్త నీల్ స్మిత్ రెంట్ గ్యాప్‌తో వివరించాడు. ఒక నేల మీద ఇప్పుడున్న వాడకం వల్ల వస్తున్న రాబడి ఒకటి. అదే నేలను అన్నిటికన్నా లాభసాటిగా వాడితే రాగల రాబడి ఇంకొకటి. యజమాని మరమ్మతులు మానేస్తే మొదటిది పడిపోతుంది, చుట్టూ నగరం పెరిగితే రెండోది ఎక్కుతుంది. ఆ తేడాయే రెంట్ గ్యాప్. అది కొనుగోలుకీ, బాగుచేతకీ, వడ్డీకీ, లాభానికీ సరిపడేంత పెరిగినప్పుడు పెట్టుబడి దిగుతుంది. ఈ లెక్కలో వీధి పాడుబడటం కూడా లాభానికి ఒక మెట్టే. ‘పాడుబడిన ప్రాంతాన్ని బాగుచేశారు’ అని రాసేముందు, అది ఎవరు పట్టించుకోక పాడుబడిందో అడగాలి.

డేవిడ్ లే లాంటి భూగోళశాస్త్రవేత్తలు దీన్ని ఒప్పుకోరు. కొత్త మధ్యతరగతి అభిరుచులు, నగరం నడిబొడ్డున ఉండాలన్న ఇష్టం ముఖ్యం అంటారు. నా మొగ్గు స్మిత్ వైపే, అది దాచను. కానీ గ్యాప్ ఉన్న ప్రతి వీధికీ డబ్బు రాదు. ఏ వీధిని ఎంచుకుంటుందో చెప్పాలంటే అర్థం వరుస కావాల్సిందే. న్యూయార్క్ సోహోలో కళాకారులు ఖాళీ ఫ్యాక్టరీ అంతస్తుల్లో చట్టానికి విరుద్ధంగా కాపురాలు పెట్టారు. 1971లో వాళ్లకు అనుమతి వచ్చింది, 1973లో ఆ ఇనుప ముఖద్వారాల భవనాలకు చారిత్రక రక్షణ వచ్చింది. అది కళాకారుల చోటన్న పేరు ముందు స్థిరపడింది. ఆ పేరు కోసం వచ్చినవాళ్లు పెంచిన అద్దెలు చాలామంది కళాకారులు కట్టలేకపోయారు.

అర్థం గురించి ఇంకో తప్పు, క్లుప్తంగా. ‘ఈ చోటుకు అర్థం ఇది’ అని ఏకవచనంలో రాయకండి. భూగోళశాస్త్రవేత్త డోరీన్ మాస్సీ 1991లో లండన్ కిల్‌బర్న్ హై రోడ్ గురించి రాస్తూ ఐరిష్ పత్రికలు, చీరల దుకాణం, నెత్తిమీద విమానాలు, అన్నీ ఒకే వీధిలో చూపించింది. చోటంటే సంబంధాలు కలిసే కూడలి అంది. కొన్ని సంబంధాలు వీధి చివర ఆగుతాయి, కొన్ని సముద్రాలు దాటుతాయి. అందుకే ‘అసలైన’ పాత కిల్‌బర్న్ కోసం వెతకడం దండగ. ‘ఆత్మను పోగొట్టుకుంది’ అని రాసినవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవాలి.

నా అడ్డదారి ఒకటి చెప్పి వదిలేస్తాను. మధ్య సందు ఎక్కడుందో తెలియకపోతే పేర్లు చూడండి. బస్‌స్టాప్, వీధి, స్టేషన్ పేర్లు వాడకం పోయాక కూడా బతికే ఉంటాయి. న్యూయార్క్ వాల్ స్ట్రీట్‌కు పేరిచ్చిన గోడ 1699లోనే పోయింది. లండన్ కోవెంట్ గార్డెన్ టోకు మార్కెట్ 1974లో అదే నగరంలోని నైన్ ఎల్మ్స్‌కు వెళ్లిపోయింది. పేరుకీ వాడకానికీ పొంతన లేనిచోట తవ్వండి.

అభ్యాసం. అదే చోటు, కొత్తది వద్దు. నాలుగు వరుసల పట్టిక, ఏళ్లతో. అమలు కాని ప్రణాళిక కనీసం ఒకటి వెతకాలి. పాత పత్రికలు, ప్లానింగ్ పత్రాలు, పాత పటాలు మీ ఇష్టం. ముగ్గురితో మాట్లాడాలి: మార్పుకు ముందు నుంచీ ఉన్నవాళ్లు ఒకరు, తర్వాత వచ్చినవాళ్లు ఒకరు, వెళ్లిపోయినవాళ్లు ఒకరు. మూడో మనిషి దొరకడం కష్టం, అయినా ఆ మనిషి లేని జవాబు నేను చదవను. ‘మీకు ఎలా అనిపిస్తోంది’ అని అడగొద్దు, అందరూ ఒకే మాట చెప్తారు. రోజూ ఎటు నడిచేవారు, ఇప్పుడు ఎటు వెళ్లడం మానేశారు, ఎక్కడ ఊరికే నిలబడితే ఎవరూ ఏమీ అనరు, ఇవి అడగండి. రెండు పేజీలు మించొద్దు. నెలలోపు పూర్తి కాదు, టెన్షన్ పడకండి.

వాళ్లతో మాట్లాడటానికి ముందే ఇంకో చిన్న పని. ఫోన్ పక్కన పెట్టి, ఆ చోటు పటం జ్ఞాపకం నుంచి గీయండి. నగర ప్రణాళికా నిపుణుడు కెవిన్ లించ్ బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజెలిస్ వాసులతో చేయించి 1960లో అచ్చువేసిన పని ఇలాంటిదే. తర్వాత తప్పులు తెలిసినా దిద్దొద్దు, ఆరో పాఠానికి ఆ తప్పులే కావాలి.